స్వరమునకు లిపి కూర్చిన సుబ్బరామ దీక్షితులు

పాట పుట్టినచోట నిలిచియుండునది కాదు. గురువు నోటినుండి శిష్యుని చెవికిని, ఆ శిష్యుని నోటినుండి వేరొకని చెవికిని సాగునపుడు తరతరమునకు కొంత జారిపోవును, కొంత క్రొత్తది వచ్చి చేరును. దీనిని మన పూర్వులు దోషముగా నెంచలేదు. కాని వాగ్గేయకారుడు తన కీర్తనను ఏ రూపమున పాడెనో తెలిసికొనగోరువానికి ఆధారమేది? ఈ ప్రశ్నకు ఇంచుమించు పదునేడువందల పుటలలో సమాధానము కూర్చిన మహనీయుడు సుబ్బరామ దీక్షితులు. ఆ గ్రంథము తెలుగు భాషలో, తెలుగు లిపిలో, తమిళదేశమున అచ్చయినదని మన విద్యార్థులలో ఎందరెరుగుదురో!

సంగీత త్రిమూర్తులలో నొకరగు ముత్తుస్వామి దీక్షితులకు బాలుస్వామి దీక్షితులు తమ్ముడు. పాశ్చాత్యుల ఫిడేలును కర్ణాటక సంగీతమునకు అలవరచినవారిలో ప్రథముడుగా ఈయననే చెప్పుదురు. ఆయన కుమార్తె కడుపున 1839లో పుట్టిన బాలుని తాతయే దత్తత చేసికొనెను. ఆ బాలుడే సుబ్బరాముడు. ముత్తుస్వామి దీక్షితులు 1835లోనే ఎట్టయపురమున కాలధర్మము నొందిరి గనుక సుబ్బరాముడు ఆ మహానుభావుని చూచి యెరుగడు. ఆయన కృతులు మాత్రము బాలుస్వామి వలన ఇంటి ఆస్తివలె సంక్రమించినవి. వీణయు, గాత్రమును, సంస్కృతాంధ్రములును ఆయనకు చిన్ననాడే అలవడెను.

ఎట్టయపురము నేటి తూత్తుక్కుడి జిల్లాలోనిది. దాని నేలిన ఎట్టప్ప వంశీయులు ఇంట తెలుగు మాటలాడు పాళెగాండ్రు. ఆ ఆస్థానమున విద్వాంసుడై సుబ్బరామ దీక్షితులు వర్ణములు, కీర్తనలు పెక్కు రచించిరి. అవి మంచివే. కాని అంతటితో నిలిచియుండినచో ఆయన పేరు నేడు పండితులు మాత్రమే తలంచియుందురు.

ఆయన జీవితము మలుపు తిరిగినది చిన్నస్వామి మొదలియారు వలన. మదరాసు ప్రభుత్వ కార్యాలయమున ఉద్యోగి, ఎం.ఏ. పట్టభద్రుడు, క్రైస్తవుడు అగు ఈ మొదలియారు మన కీర్తనలను పాశ్చాత్యుల ఐదు గీతల లిపిలో వ్రాసి 1890 దశకమున ప్రకటింప పూనుకొనెను. దీక్షితులు ఆయనకు పెక్కు కృతుల నొసగిరి. ఆ కార్యమునందు మొదలియారు ధనమును, కన్నుల చూపును కోల్పోయెను. అట్టి స్థితిలో 1899లో ఎట్టయపురము వచ్చి, దీక్షితులకు తెలిసినదంతయు వారి చేతనే గ్రంథముగా వ్రాయించి అచ్చువేయింపుమని రాజును వేడుకొనెను. తనకొరకు ఆయన అడిగినది ఏమియు లేదు.

దీక్షితులకు అప్పటికి అరువదేండ్లు. కుటుంబమున దాచుకొన్న విద్యను అంగడిలో దొరకు పుస్తకముగా మార్చుట ఆ తరమువారికి సులభమైన త్యాగము కాదు. అయినను రాజు కోరిక మేరకు ఆయన పూనుకొనిరి.

స్వరసహితముగా పాటలను తెలుగులో అచ్చువేయుట అంతకుముందే కలదు. తచ్చూరు సింగరాచార్యులు 1877లో ప్రకటించిన గాయక పారిజాతము అట్టిదే. అయితే స, రి, గ యని అక్షరములు పేర్చినంత మాత్రమున రాగము రాదు. హ్రస్వాక్షరము ఒక మాత్ర, దీర్ఘము రెండు మాత్రలు, పైనగాని క్రిందగాని చుక్క యున్న స్థాయిభేదము: ఇంతవరకు లెక్క. ఆపైన గమకము మొదలగును. వీణ మెట్టుపై వ్రేలుంచి తంత్రిని ఊపిన కంపితము. ఒక స్వరమునుండి మరియొక స్వరమునకు నేలవిడువక జారిన జారు. మెట్టు మారకయే తంత్రిని ప్రక్కకు లాగి రెండు మూడు స్వరములు పలికించిన వళి. ఇట్లే స్ఫురితము, ప్రత్యాహతము, నొక్కు, రవ, ఖండింపు. వీనిలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క గుర్తు నేర్పరచి దీక్షితులు స్వరాక్షరములపై నుంచిరి. కంపితమునకు అలవంటి గీత, జారునకు ఏటవాలు గీత. సీసపు అక్షరములను చేతితో కూర్చు కాలమున ఇంతటి పని ఎట్టిదో అచ్చుకూటము నెరిగినవారే ఊహింపగలరు. గుర్తు ఒక స్వరము ప్రక్కకు జరిగినచో రాగస్వరూపమే చెడును.

నేడు సిద్దిపేటలోని ఒక సంగీతోపాధ్యాయుడు కంప్యూటరు ముందు కూర్చుండి స్వరములను తెరపై నిలిపి, తప్పును చెరిపి, యంత్రముచేత పలికించి సరిచూచుకొనవచ్చును. అయినను పాశ్చాత్య స్వరలేఖనమునకై పుట్టిన ఆ సాధనములలో పెక్కింటికి తోడి గాంధారపు ఊపు తెలియదు. స్వరపు ఎత్తుపల్లములను సూచించు వంకర గీతను మనమే గీయవలసివచ్చును. ఆ గీతను చూచినపుడు దీక్షితుల కంపితపు గుర్తు జ్ఞప్తికి రాకమానదు.

సంగీత సంప్రదాయ ప్రదర్శిని 1904లో ఎట్టయపురము విద్యావిలాసిని ముద్రాక్షరశాలలో అచ్చయి వెలువడెను. వేంకటమఖి సంప్రదాయమునకు చెందిన డెబ్బదిరెండు రాగాంగ రాగములు, వాని జన్యములు, లక్షణములు, గీతములు, తానములు, సంచారులు, ముత్తుస్వామి దీక్షితుల కృతులు రెండువందలకు పైగా అందు గలవు. వాగ్గేయకారుల చరిత్రములును చేర్చిరి. ఈ చరిత్రములలో విన్నమాటలు కొన్ని కలియుటచే చరిత్రకారుడు వానినన్నిటిని యథాతథముగా గ్రహింపజాలడు. స్వరభాగము అట్లు కాదు. నేటి గాయకులు పాడు రూపమునకును ఇందలి రూపమునకును భేదము కనబడినపుడు వాదము పుట్టును. ఆ వాదమునకు ఆస్కారము కల్పించినదే ఈ పుస్తకము. ఇది లేనిచో పోల్చుటకు ఏమున్నది?

మరుసటి సంవత్సరము, 1905లో, బాలురకై ప్రథమాభ్యాస పుస్తకమును వ్రాసిరి. అంతటి గ్రంథము ముగించిన వృద్ధుడు మరల సరళీస్వరములకు దిగివచ్చుట మా ఉపాధ్యాయ మిత్రులు గమనింపదగినది. 1906లో దీక్షితులు పరమపదించిరి. అదే ఎట్టయపురమున పుట్టిన సుబ్రహ్మణ్య భారతి ఆ మరణమునకు వగచి తమిళమున పద్యములు వ్రాసెను.

తండ్రి విద్యను అంబి దీక్షితులు మదరాసు చేర్చి శిష్యులకు నేర్పెను. గ్రంథము మాత్రము చిరకాలము దొరకుట దుర్లభమయ్యెను. మదరాసు సంగీత విద్వత్సభ 1961 మొదలుకొని తమిళలిపిలో సంపుటములుగా దానిని వెలువరించెను. తెలుగు ప్రతిని ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీ ఆ తరువాత పునర్ముద్రించెను.