రొనాల్డ్ రాస్

కాణిపాకం వద్ద బాహుదా నదిలో నీరు పారే రోజులు తక్కువ. వాన వెలిసిన తరువాత ఇసుక గుంటలలో కొంతకాలం నీరు నిలుస్తుంది. ఇటువంటి నీటిని గాజు పాత్రలో తీసుకొని నిదానంగా పరిశీలించే విద్యార్థికి దోమల డింభకాలు కనిపించవచ్చు. వాటిలో కొన్ని తల కిందికి వేలాడదీసి, తోకను నీటి ఉపరితలానికి ఆనించి ఉంటాయి. మరికొన్ని నీటి మీద పుల్ల ముక్కల వలె అడ్డంగా పరచుకొని ఉంటాయి. మొదటివి క్యూలెక్స్ వంటి దోమల పిల్లలు. రెండవవి అనాఫిలిస్ దోమల పిల్లలు. నేడు పాఠశాల విద్యార్థి కూడా చెప్పగల ఈ జాతిభేదం తెలియక ఒక వైద్యుడు సికింద్రాబాదులో ఎంతో కాలం వ్యర్థంగా శ్రమించాడు. చివరకు ఆ భేదమే ఆయనకు దారి చూపింది. ఆయనే రొనాల్డ్ రాస్.

రాస్ 1857 మే 13న హిమాలయ ప్రాంతంలోని అల్మోరాలో జన్మించాడు. తండ్రి భారత సైన్యంలో ఉన్నతాధికారి. రాస్‌కు చిత్రలేఖనం, కవిత్వం, గణితం ఇష్టం. వైద్యం ఇష్టం లేదు. తండ్రి కోరిక మేరకే లండన్‌లోని సెయింట్ బార్తలోమ్యూ వైద్యశాలలో చేరి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో ప్రవేశించాడు. తొలి పది సంవత్సరాలలో ఆయన నవలలు, పద్యాలు రాశాడు, గణితం చదివాడు. వైద్య పరిశోధకుడు కాగలడని ఎవరూ ఊహించలేదు.

ఆ కాలంలో మలేరియా ఈ దేశంలో లెక్కకు అందని ప్రాణాలను బలిగొనేది. చెడుగాలి వలన వస్తుందని కొందరు, చెడునీటి వలన వస్తుందని కొందరు నమ్మేవారు. 1880లో లావెరాన్ అనే ఫ్రెంచి వైద్యుడు అల్జీరియాలో రోగుల రక్తంలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. కాని అది ఒక మనిషి నుండి మరొక మనిషికి ఎలా చేరుతుందో తెలియలేదు. 1894లో సెలవుపై లండన్ వెళ్లిన రాస్‌కు పాట్రిక్ మాన్సన్ ఆ పరాన్నజీవిని సూక్ష్మదర్శినిలో చూపి, దీనికి దోమతో సంబంధం ఉండవచ్చునన్న తన ఊహను తెలిపాడు. రాస్ మనస్సులో ఆ ఊహ నాటుకుపోయింది.

1895లో ఆయన సికింద్రాబాదుకు వచ్చి పని ప్రారంభించాడు. రోగులను దోమతెరలలో పడుకోబెట్టి, దోమలను వారిపై వదలి, రక్తం తాగిన దోమలను కోసి పరిశీలించేవాడు. కుట్టించుకున్న వారికి కొంత డబ్బు ఇచ్చేవాడు. దోమలు చచ్చిన నీటిని తాగితే జ్వరం వస్తుందేమోనని, ఒప్పుకున్న కొందరిచేత అటువంటి నీటిని తాగించాడు. మొదట ఒకనికి స్వల్పంగా జ్వరం వచ్చింది. అక్కడితో ఆగి ఉంటే రాస్ ఒక తప్పుడు సిద్ధాంతాన్ని లోకానికి ఇచ్చి ఉండేవాడు. మరికొందరిపై పరీక్షించగా ఆ ఫలితం నిలవలేదు. ఆయన ఆ ఊహపై పట్టు సడలించాడు. మనుషులపై ఇటువంటి ప్రయోగాలను నేటి నీతినియమాలు అంగీకరించవు. ఆనాడు వాటిని ప్రశ్నించినవారు తక్కువ.

1897లో నీలగిరి ప్రాంతంలోని సీగూరు కనుమకు వెళ్లినప్పుడు రాస్‌కే మలేరియా సోకింది. అక్కడ ఆయన రెక్కలపై మచ్చలు కలిగి, తోకను గోడకు దూరంగా ఎత్తి కూర్చున్న ఒక దోమను గమనించాడు. అప్పటికి దాని విలువ ఆయనకు తెలియదు. తిరిగి సికింద్రాబాదు చేరి, బూడిదరంగు దోమలను, చారల దోమలను వందల కొలది కోశాడు. ఏమీ దొరకలేదు. అది వేసవి. విసనకర్ర ఊపితే కోసిన దోమల భాగాలు ఎగిరిపోతాయి కనుక గాలి లేకుండానే కూర్చునేవాడు. నుదుటి నుండి కారిన చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి.

ఆగస్టు మధ్యలో సహాయకుడు మహమ్మద్ బక్ష్ కొన్ని డింభకాలను తెచ్చాడు. వాటి నుండి మచ్చల రెక్కల గోధుమరంగు దోమలు వెలువడ్డాయి. ఆ సేకరణ జరగకపోతే తరువాతి కథ లేదు. చరిత్ర గ్రంథాలలో ఆ సహాయకునికి దక్కిన స్థానం మాత్రం చిన్నది. ఆగస్టు 16న హుసేన్ ఖాన్ అనే రోగి ఆ దోమలచేత కుట్టించుకున్నాడు. దోమకు ఒక అణా చొప్పున అతనికి ప్రతిఫలం ముట్టింది. కొన్ని దోమలు చనిపోయాయి, కొన్నింటిని కోసినా ఫలితం లేదు. ఆగస్టు 20వ తేదీకి మిగిలినవి బహు కొద్ది. ఆనాడు కోసిన దోమ జీర్ణాశయపు గోడలో రాస్‌కు గుండ్రని కణాలు కనిపించాయి. వాటి లోపల నల్లని రేణువులు ఉన్నాయి. అవి మలేరియా పరాన్నజీవిలో ఉండే రేణువులను పోలి ఉన్నాయి.

మరునాడు చివరి దోమను కోశాడు. దానిలోనూ అవే కణాలు ఉన్నాయి. అయితే పరిమాణంలో పెద్దవి. నాలుగవ రోజు చిన్నవిగా ఉన్నవి ఐదవ రోజుకు పెద్దవయ్యాయంటే అవి దోమ దేహంలో పెరుగుతున్నాయన్న మాట. ఏ దోమ ఏనాడు రక్తం తాగిందో, ఏనాడు కోయబడిందో రాసి ఉంచుకొనకపోతే ఈ పోలికే సాధ్యం కాదు. ఆ సందర్భంలో రాస్ తన ఆనందాన్ని ఒక పద్యంగా రాసుకున్నాడు. 1897 డిసెంబరు 18న బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వెలువడింది. కణాలు రెండు దోమలలో మాత్రమే కనిపించాయని ఆ వ్యాసం శీర్షికలోనే ఉంది.

రెండు దోమలు ఏమాత్రం సరిపోవు. ఆ సంగతి రాస్‌కు తెలుసు. కాని సెప్టెంబరులోనే ఆయనకు బదిలీ ఉత్తర్వు వచ్చింది. మలేరియా రోగులు అరుదైన రాజపుటానాలోని ఖేర్వారాకు పంపారు. పరిశోధన ఆగిపోయింది. 1898లో కలకత్తాకు మార్చిన తరువాత, మనుషులకు బదులుగా పక్షుల మలేరియాను తీసుకున్నాడు. పక్షులను కావలసినన్ని తెచ్చుకొని, వేరుచేసి, లెక్కపెట్టవచ్చు. ఇక్కడే ఆయనలోని గణితవేత్త మేల్కొన్నాడు.

మూడు పిచ్చుకలను ఎంచుకున్నాడు. ఒకదాని రక్తంలో పరాన్నజీవులు లేవు. రెండవదానిలో ఒక మాదిరిగా ఉన్నాయి. మూడవదానిలో విస్తారంగా ఉన్నాయి. ఒక్కొక్క పిచ్చుక రక్తం తాగిన దోమలలో పదింటిని కోసి కణాలను లెక్కించాడు. మొదటి పది దోమలలో ఒక్క కణమూ లేదు. రెండవ పదింటిలో 292, మూడవ పదింటిలో 1,009 కణాలు కనిపించాయి. రక్తంలో పరాన్నజీవులు పెరిగిన కొద్దీ దోమలో కణాలూ పెరిగాయి. ఆరోగ్యవంతమైన పిచ్చుక లేకుంటే ఆ కణాలు ఏ దోమలోనైనా ఉండేవేనని ఎవరైనా వాదించవచ్చు. మొత్తం లెక్కలోనూ ఇదే తేలింది. ఆ పరాన్నజీవి గల పక్షుల రక్తం తాగిన 245 దోమలలో 178 దోమలకు, అనగా నూటికి డెబ్బైరెండుకు పైగా, కణాలు ఉన్నాయి. ఇతర రక్తం తాగిన 249 దోమలలో ఒక్కదానికీ లేవు. 178 అన్న సంఖ్య కంటె ఈ శూన్యానికే బరువు ఎక్కువ అనిపిస్తుంది.

1898 జూలైలో పరాన్నజీవులు దోమ లాలాజల గ్రంథులలోకి చేరడాన్ని రాస్ చూశాడు. దోమకాటుచేత ఆరోగ్యంగా ఉన్న పిచ్చుకలకు వ్యాధిని కలిగించి చక్రాన్ని పూర్తిచేశాడు. అదే సంవత్సరం ఇటలీలో గ్రాసీ బృందం మనిషి మలేరియా అనాఫిలిస్ దోమలో పెరిగే క్రమాన్ని నిరూపించింది. ఘనత ఎవరిదన్న వివాదం చాలాకాలం సాగింది. రాస్ ఆ వివాదంలో ఔదార్యం చూపలేదు. ఒకనాడు దారి చూపిన మాన్సన్‌తో కూడా ఆయన తరువాతి కాలంలో కలహించాడు. 1902లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి రాస్ ఒక్కనికే లభించింది.

1899లో ఉద్యోగం వదలి లివర్‌పూల్‌లో అధ్యాపకుడైన రాస్, ఆఫ్రికాలోని సియెర్రా లియోన్, మారిషస్ వంటి చోట్ల దోమల నివారణను పర్యవేక్షించాడు. ఒక ప్రాంతంలోని దోమలన్నింటినీ చంపనక్కరలేదనీ, వాటి సంఖ్యను ఒక పరిమితికి తగ్గిస్తే వ్యాధి తనంతట తానే క్షీణిస్తుందనీ సమీకరణాలతో చూపాడు. చాలామంది వైద్యులకు ఆ గణితం రుచించలేదు. నేడు అంటువ్యాధుల వ్యాప్తిని అంచనా వేసే శాస్త్రం ఆ సమీకరణాల నుండే ఎదిగింది.

రాస్ 1932 సెప్టెంబరు 16న లండన్‌లో మరణించాడు. సికింద్రాబాదు పరిశోధనకు గుర్తుగా బేగంపేటలోని భవనానికి ఆయన పేరు పెట్టారు.