మంత్రి మాసూమా బేగం గారు

మన సభల్లో వేదిక మీద ఆడవాళ్ళకు కుర్చీ వెయ్యడం మనకింకా అలవాటు కాలేదు. అందుకే ఈసారి సావనీరుకు మేము మాసూమా బేగం గారి జీవితాన్ని ఎంచుకున్నాము.

హైదరాబాదులో ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళలో పుట్టారు. అమ్మ తండ్రి ఇమాదుల్ ముల్క్ బిల్‌గ్రామీ, నిజాం సర్కారులో విద్యాశాఖ చూసిన పెద్దమనిషి. తల్లి తయ్యబా బేగం, ముస్లిం స్త్రీలలో డిగ్రీ చదివినవారు అరుదైన రోజుల్లోనే పట్టభద్రురాలు. కూతుర్ని మహబూబియా బాలికల పాఠశాలలో చేర్పించారు. ఏడో తరగతి దాటితే హాజరుపట్టీలో ఆడపిల్లల పేర్లు తగ్గిపోవడం మేము ఏటా చూస్తున్నాము. అడిగితే సంబంధం వచ్చిందండీ మాస్టారూ అంటారు. ఆ ఇంటికి మాత్రం సంబంధాలు రాలేదా? చదువు ముందు, పెళ్ళి తరువాత అన్నారు, అంతే. ఉస్మానియాలో ఇంగ్లీషు ప్రొఫెసరు హుస్సేన్ అలీ ఖాన్ గారితో నిఖా జరిగింది.

తల్లి పెట్టిన స్త్రీల సంఘం అంజుమనె ఖవాతీన్ బరువును తరువాత కూతురే మోశారు. మన సొసైటీ లాంటిదే అది. పార్టీ కంటే ముందు ఆమెకు జనం పరిచయమైంది అక్కడే.

1952లో కాంగ్రెసు తరఫున శాలిబండ నుంచి హైదరాబాదు అసెంబ్లీకి గెలిచారు. రాష్ట్రాలు కలిశాక 1957లో పత్తర్‌గట్టీ నుంచి మళ్ళీ గెలుపు. 1960లో దామోదరం సంజీవయ్య గారు ముఖ్యమంత్రి కాగానే సాంఘిక సంక్షేమ శాఖ ఈమెకిచ్చారు. దళిత ముఖ్యమంత్రి పక్కన ముస్లిం స్త్రీ మంత్రి! ఆ రోజుల్లో అది చిన్న సంగతా?

1962లో అదే పత్తర్‌గట్టీలో సలావుద్దీన్ ఒవైసీ గారి చేతిలో ఓడిపోయారు. పదవి పోయినా ఇంట్లో కూర్చోలేదు. అఖిల భారత మహిళా సభకు అధ్యక్షురాలిగా పనిచేశారు. 1990లో కన్నుమూశారు.