పల్లమెరిగిన ఇంజనీరు



సెప్టెంబరు 15న ఇంజనీర్ల దినోత్సవం. ఆ రోజు మీ పిల్లలు తలపాగా, కోటు వేసుకున్న మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి బొమ్మ గీసి ఇంటికి తెస్తారు. ఆ బొమ్మ చేతికి తీసుకున్నప్పుడు వాళ్లను ఒక ప్రశ్న అడగండి: రెండు రోజులు కరెంటు లేకపోతే మన ఊళ్లో కుళాయిలకు నీళ్లు వస్తాయా? ఆయన జీవితంలో పెద్ద భాగం ఇలాంటి ప్రశ్నలకు జవాబు వెతకడంలోనే గడిచింది.

విశ్వేశ్వరయ్య గారి పూర్వీకులది ప్రకాశం ప్రాంతంలోని మోక్షగుండం గ్రామం. ఆయన పుట్టింది మాత్రం నేటి కర్ణాటకలోని ముద్దేనహళ్లిలో. తండ్రి సంస్కృత పండితులు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. బెంగళూరులో పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ 1881లో బి.ఏ. పూర్తి చేశారు. మైసూరు ప్రభుత్వ ఉపకార వేతనంతో పుణెలో ఇంజనీరింగ్ చదివి, 1884లో బొంబాయి ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో చేరారు.

దాదాపు పదేళ్ల తర్వాత సింధులోని సుక్కూరు పట్టణానికి నీటి సరఫరా ఏర్పాటు చేసే పని ఆయనకు వచ్చింది. పక్కనే సింధు నది ఉంది, కానీ నీళ్లు బురదగా ఉండేవి. వాటిని వడగట్టే ఫిల్టర్లు కట్టడానికి మునిసిపాలిటీ దగ్గర డబ్బు లేదు. ఆయన నదినే ఫిల్టరుగా వాడుకున్నారు. నది గర్భంలో బావి తవ్వించి, ఇసుక పొరల్లోంచి ఊరి తేటపడిన నీటిని అందులో పట్టారు. ఆ నీటిని పంపులతో కొండ మీది తొట్టికి ఎక్కించి, అక్కడి నుంచి వాలు మీద పట్టణానికి పంపారు. తొట్టి నిండుగా ఉంటే పంపు కాసేపు ఆగినా ఊరికి ఇబ్బంది ఉండదు. మీ అపార్టుమెంటు పైనున్న ట్యాంకు చేసే పని కూడా ఇదే.

1903లో పుణె దగ్గరి ఖడక్‌వాస్లాలో ఆయన రూపొందించిన గేట్లు పెట్టారు. నీరు ఒక మట్టానికి చేరగానే అవే తెరుచుకుంటాయి, తగ్గితే అవే మూసుకుంటాయి. వాటిని నడిపే బలం ఆ నీటిదే.

ఇక మన హైదరాబాదు సంగతి. 1908 సెప్టెంబరు 28న మూసీ నది నగరం మీద పడింది. వేలమంది ప్రాణాలు కోల్పోయారు. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికిన కథ మీరు వినే ఉంటారు. అప్పటికి విశ్వేశ్వరయ్య గారు బొంబాయి కొలువు వదిలి విదేశాల్లో పర్యటిస్తున్నారు. నిజాం ప్రభుత్వం కబురు పంపింది. 1909లో వచ్చి పని చేపట్టారు.

వచ్చీ రాగానే కట్టడం మొదలుపెట్టలేదు, ముందు లెక్క తీశారు. ఎక్కడ ఎంత వాన పడింది, నీరు ఏ దారిన వచ్చింది అని వివరాలు పోగుచేయించారు. నగరానికి ఎగువన మూసీ పరీవాహక ప్రాంతంలో 788 చెరువులు ఉన్నాయని, ఆ వరదలో 221 తెగిపోయాయని తేలింది. ఒకదాని తర్వాత ఒకటిగా తెగిన చెరువుల నీరంతా కలిసి వచ్చిందన్నమాట. అందుకే నది ఒడ్డున గోడలు మాత్రమే సరిపోవని, ఎగువన మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి పెద్ద జలాశయాలు కట్టాలని సూచించారు. వరదనూ ఆపాలి, తాగునీరూ ఇవ్వాలి. ఒకే కట్టడంతో రెండు పనులు.

ఆ ఏడాది చివరికే ఆయన మైసూరు చీఫ్ ఇంజనీరుగా వెళ్లిపోయారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వానల వివరాలు రాసిపెట్టిన ఉద్యోగులు, కొలతలు తీసిన సర్వేయర్లు, డబ్బు పెట్టిన ప్రభుత్వం, తర్వాత కట్టి నిలబెట్టిన అలీ నవాజ్ జంగ్ వంటి హైదరాబాదు ఇంజనీర్లు, ఇంతమంది చేతులు కలిస్తేనే ఆ ఆలోచన జలాశయమైంది. మీ పిల్లలకు చెప్పాల్సిన మాట ఇది. గొప్ప పని ఒక్క ర్యాంకరు ఒంటరిగా చేసేది కాదు.

నీరు పల్లమెరుగు అంటారు. ఉస్మాన్‌సాగర్ పూర్తి నీటిమట్టం సముద్ర మట్టానికి 1,790 అడుగులు. పాత నగరం దానికి దిగువన ఉంది కాబట్టి నీరు వాలు మీదే ఆసిఫ్‌నగర్ ఫిల్టర్లకు చేరేది. నగరం పెరిగింది, ఆ నీళ్లు చాలలేదు. ఇప్పుడు ఎక్కువ నీళ్లు కృష్ణా, గోదావరి నుంచి వస్తున్నాయి. నాగార్జునసాగర్ పూర్తి మట్టం 590 అడుగులే. ఆ నీరు వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, వెయ్యి అడుగులకు పైగా ఎక్కి రావాలి. ఎక్కించేది కరెంటు. జలమండలి ఖర్చుల్లో కరెంటు బిల్లు చాలా పెద్దది.

అందుకే ప్రపంచమంతటా నీటి సంస్థలు, విశ్వవిద్యాలయాలు, విద్యుత్ సంస్థలు కలిసి పరిశోధిస్తున్నాయి. ఎండ బాగా ఉన్నప్పుడు సోలార్ కరెంటుతో నీళ్లు తోడి ఎత్తున నింపుకోవచ్చా? వాడకం మితిమీరే సాయంత్రం వేళ పంపులు ఆపవచ్చా? కరెంటు పోయినా ఎన్ని గంటలు ఊరికి నీళ్లు ఇవ్వగలం? సుక్కూరు కొండ మీది తొట్టి వెనకున్న ఆలోచనే ఇది, ఇప్పుడు కంప్యూటరు లెక్కలు తోడయ్యాయి.

విశ్వేశ్వరయ్య గారు 1912 నుంచి 1918 వరకు మైసూరు దివానుగా పనిచేశారు. డ్రైనేజీ పనుల సలహా కోసం మళ్లీ హైదరాబాదు వచ్చారు. 1955లో భారతరత్న అందుకున్నారు. నిండు నూరేళ్లూ బతికి 1962 ఏప్రిల్‌లో కన్నుమూశారు.

ఈ నెల ఒక ఆదివారం మీ పిల్లలతో కలిసి మేడ ఎక్కండి. ట్యాంకు ఎన్ని లీటర్లో చూడమనండి. మోటారు ఏ వేళల్లో, ఎన్ని నిమిషాలు నడుస్తోందో వారం పాటు నోటుబుక్కులో రాయమనండి. ట్యాంకు పొంగి పోతోందా, మోటారు వేసే వేళ మార్చితే సరిపోతుందా అని వాళ్లనే తేల్చమనండి. మార్కులు ఉండవు. కానీ 1909లో విశ్వేశ్వరయ్య గారు మూసీ ఎగువన మొదట చేసింది కూడా ఇలాంటి లెక్కే.