అహోబిలంలో చదువుకున్న అన్నమయ్య

అన్నమయ్య అనగానే అందరికీ తిరుమల గుర్తుకొస్తుంది. ఆయన వేదాంతం నేర్చుకున్నది మాత్రం మన ఆళ్లగడ్డ పక్కనున్న అహోబిలంలోనే.

రాజంపేట దగ్గరి తాళ్లపాకలో 1408లో పుట్టాడు. మనుమడు చిన్నన్న రాసిన ద్విపద కావ్యం ప్రకారం, ఇంట్లోవాళ్లు గడ్డి కోసుకు రమ్మంటే కొడవలితో వేలు తెగింది. పాడుతూ పోతున్న తిరుమల యాత్రికుల వెంట ఆ కుర్రవాడు నడిచిపోయాడు. తరువాత అహోబిల మఠంలో శఠకోప యతికి శిష్యుడయ్యాడు. ఇక్కడి నరసింహస్వామి మీదా కీర్తనలు కట్టాడు.

అంత చదివినవాడు పండితుల కోసమే పాడలేదు. దంపుళ్ల దగ్గరి సువ్విపాట, జోలపాట, గొబ్బిపాట, ఏలపాట అన్నీ ఆయనకు పనికొచ్చాయి. భార్య తిమ్మక్క సుభద్రా కల్యాణం రాసింది. అంటే ఆ ఇంట ఆడవాళ్లకూ చదువు దక్కిందన్నమాట!

1503లో అన్నమయ్య కన్నుమూశాడు. కొడుకు పెద తిరుమలాచార్యుడు పాటలను రాగిరేకుల మీద చెక్కించాడు. తిరుమల గుడిలోని అరలో ఆ రేకులు వందల ఏళ్లు మరుగునపడి, 1922లో వెలుగు చూశాయి. పన్నెండు వేలకు పైగా పాటలు దొరికాయి. రేకుల మీద రాగం పేరుంది గాని స్వరం లేదు. నేర్పేవారు, నేర్చేవారు లేక అసలు బాణీలు చాలావరకు పోయాయి. అనంతపురం జిల్లాకు చెందిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు కొత్తగా స్వరపరచవలసి వచ్చింది.

ఇప్పుడా పాటలు పట్నాల్లో ఫీజు కట్టగలిగిన పిల్లలకు బాగానే వస్తున్నాయి. నంద్యాల, ఆళ్లగడ్డ పల్లెల్లో ఎన్ని బడులకు సంగీతం మాస్టారున్నారో తల్లిదండ్రులు బడి కమిటీలో అడగవలసి ఉంది.