ఐదుగురు ఎన్టీఆర్‌లు, ఒక్క కెమెరామన్

క్వీన్ అనే రాక్ బ్యాండ్ వీడియోలన్నీ కలిపి 1981లో గ్రేటెస్ట్ ఫ్లిక్స్ అని క్యాసెట్ తెచ్చారు. అందులో 1975 నాటి బొహీమియన్ రాప్సోడీ ఉంటుంది, ఒకే మొహం బోలెడు మొహాలుగా కనిపించే పాట. అది చూసి ఊపొచ్చి, ఫెస్ట్ కోసం మేం కూడా గోల్నాకలో ఒక మేడ మీద వీడియో తీశాం. బ్యాండ్‌లో ఇద్దరు రాలేదు. అందుకే గిటార్, డ్రమ్స్, పాట మూడూ ఒక్కడితోనే తీసి ల్యాప్‌టాప్‌లో కలిపాం. మధ్యలో మబ్బు పట్టింది, ఫోన్ తనంతట తనే వెలుతురు మార్చేసింది. ఒక్కడే మూడు రంగుల్లో వచ్చాడు!

అది చూసి మా ఫ్రెండ్ వాళ్ళ తాతయ్య నవ్వి, జగదేకవీరుని కథలో శివశంకరీ పాట చూడమన్నారు. 1961 సినిమా. ఒకే ఫ్రేమ్‌లో ఐదుగురు ఎన్టీఆర్‌లు, ఒకరు పాడుతుంటే మిగతావాళ్ళు వాయిస్తుంటారు. డైరెక్టర్ కె.వి.రెడ్డి, కెమెరా మార్కస్ బార్‌ట్లే.

బార్‌ట్లే 1917లో పుట్టిన ఆంగ్లో ఇండియన్. తెలుగు ఆయన మాతృభాష కాదు. అయినా 1945లో బి.ఎన్.రెడ్డి స్వర్గసీమ నుంచి మొదలుపెట్టి పాతాళభైరవి, మిస్సమ్మ, గుండమ్మ కథ దాకా మన ఇళ్ళల్లో అందరికీ తెలిసిన సినిమాలు ఆయన కెమెరాలోంచి వచ్చినవే. తెలుగు తడుముకుంటూ చదివే నాకు ఇది కొంచెం ధైర్యం.

ఆ రోజుల్లో ఇలాంటి షాట్లు మాస్క్ పద్ధతిలో తీసేవాళ్ళు. లెన్స్‌కి కొంత భాగం మూసి ఒక వేషం తీస్తారు. ఫిల్మ్ వెనక్కి తిప్పి, తీసిన భాగం మూసి ఇంకో వేషం తీస్తారు. కెమెరా వెంట్రుకవాసి కదలకూడదు, లైటు మారకూడదు, పాటతో పెదాలు తప్పకూడదు. చివరిసారి తప్పు జరిగితే ముందు తీసినవన్నీ పోయినట్టే. మనకేమో కంట్రోల్ జెడ్ ఉంది.

మాయాబజార్ (1957)లో లాహిరి లాహిరి పాట వెన్నెల చాలావరకు స్టూడియో లైట్లే అంటే నేను నమ్మలేదు. 2010లో హైదరాబాద్ గోల్డ్‌స్టోన్ కంపెనీ ఆ సినిమాకి రంగులు వేసింది. పని గొప్పదే, కానీ నాకు ఆ పాట నలుపు తెలుపులోనే చల్లగా ఉంటుంది. రంగుల్లో ఆయన సత్తా చూడాలంటే మలయాళం చెమ్మీన్ (1965) ఉంది. దానికి రాష్ట్రపతి బంగారు పతకం వచ్చింది.

ఆయన 1993లో పోయారు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఈ పాటల కింద హీరో, గాయకుడు, సంగీతం అన్నీ రాస్తారు, కెమెరా పేరు చాలాచోట్ల ఉండదు. తిట్టే హక్కు నాకు లేదులెండి. మా వీడియో కింద కూడా కెమెరా పట్టినవాడి పేరు వెయ్యడం మర్చిపోయాం. వాడు ఇంకా సరిగ్గా మాట్లాడట్లేదు.

ఆదివారం మళ్ళీ తీస్తున్నాం. ఎక్స్‌పోజర్ లాక్ చేసి, ట్రైపాడ్ కాళ్ళకి ఇటుకలు ఆనించి. వాడి పేరు మొదటే టైప్ చేసి పెట్టాను.