చేతులు కడుక్కోమన్న డాక్టరు

ఇగ్నాజ్ సెమ్మెల్వైస్ 1818లో హంగరీలోని బుడా నగరంలో జన్మించాడు. 1846లో వియన్నా జనరల్ ఆసుపత్రి ప్రసూతి విభాగంలో అసిస్టెంటయ్యాడు. అక్కడ వార్డులు రెండు. మంత్రసానుల వార్డుకంటే మెడికల్ విద్యార్థుల వార్డులోనే బాలింతలు సూతికా జ్వరంతో ఎక్కువగా చనిపోయేవారు. ఆ వార్డు వద్దని గర్భిణులు కాళ్ళావేళ్ళా పడేవారు. ఆ జ్వరం పసికందులనూ వదిలేది కాదు.

బాక్టీరియావల్ల రోగాలొస్తాయని తెలియని రోజులవి. 1847లో మిత్రుడు కొలెచ్కా, శవపరీక్షలో కత్తిగాటు తగిలి, అవే లక్షణాలతో మరణించాడు. సెమ్మెల్వైస్‌కు విషయం బోధపడింది. శవాలను కోసిన చేతులతోనే విద్యార్థులు పురుళ్ళు పోస్తున్నారు! మే నెల నుండి బ్లీచింగ్ పౌడరు నీళ్ళతో చేతులు కడుక్కుంటేగాని ఎవరినీ కాన్పు గదిలోకి రానివ్వలేదు. ఏప్రిల్‌లో నూటికి 18 ఉన్న మరణాలు జూన్‌లో రెండుకు దిగాయి.

కాని మృత్యువును మోసింది తమ చేతులేనంటే పెద్ద డాక్టర్లకు మింగుడుపడలేదు. 1849లో ఆయన పదవిని పొడిగించలేదు. 1861లో గ్రంథం రాస్తే ఆదరణ దొరకలేదు. 1865లో, 47వ ఏట, పిచ్చాసుపత్రిలో కన్నుమూశాడు.

నేడు నెలలు నిండని శిశువులను కాపాడే ఇంటెన్సివ్ కేర్ యూనిట్లలో ఎన్ని యాంటీబయాటిక్స్ ఉన్నా, బాక్టీరియాకు మొదటి అడ్డుకట్ట శుభ్రమైన చెయ్యే. డాక్టర్లేకాదు, పసిబిడ్డను చూడబోయే మనందరం ఆయనకు చెల్లించగల నివాళి చేతులు కడుక్కోవడమే.