లాఫోంతేన్: భాషాభిమానము, పొరుగు మైత్రి

పరభాషల నడుమ కాపురముంటున్న మనకు కెనడా నాయకుడు లూయీ ఇపొలిత్ లాఫోంతేన్ (1807–1864) చరిత్ర తెలుసుకొనదగినది. 1840 నాటి ఐక్యతా చట్టం శాసనసభ రికార్డులలో ఫ్రెంచికి చోటు లేకుండా చేసింది. మరుసటి ఏడు టెర్‌బోన్‌లో ప్రత్యర్థుల దౌర్జన్యంవల్ల ఆయన ఎన్నికనుండి తప్పుకోవలసివచ్చింది. అప్పుడు మిత్రుడు రాబర్ట్ బాల్డ్విన్ చొరవతో టొరంటో ప్రాంతంలో ఆంగ్లం మాట్లాడే వోటర్లే ఆయనను గెలిపించారు. 1842లో సభలో ఆంగ్లంలో మాట్లాడమన్నా వినక, లాఫోంతేన్ ఫ్రెంచిలోనే ప్రసంగించారు. ఎన్నికలో ఓడిన బాల్డ్విన్‌ను 1843లో రిమూస్కీ ఫ్రెంచివారు ఎన్నుకొని ఋణం తీర్చుకున్నారు. 1848లో ఇరువురూ కలసి మంత్రివర్గం ఏర్పరచారు. ఆ ఏడే బ్రిటిష్ పార్లమెంటు ఆ భాషా నిబంధనను రద్దుచేసింది. 1849లో గవర్నరు ఎల్గిన్ రెండు భాషలలోను సభా ప్రసంగం చదివారు. స్వభాషను విడువక, పొరుగువారి చెలిమిని వదులుకోక ఆయన సాధించిన ఈ విజయాన్ని ఉగాదినాడు మనం తలచుకొందాం.